నల్ల పలక సంగతి

చిరంజీవులకు,

'2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమా చూసి, ఆ నల్ల పలక ఏమిటి, చివర్లో ఆ పాప ఎవరు అని అడిగారు. ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ అది ఆర్థర్ సి. క్లార్క్ నవల ఇచ్చే జవాబు అవుతుంది తప్ప స్టాన్లీ కూబ్రిక్ సినిమాది కాదు. కథ ఇద్దరూ కలిసే అల్లుకున్నారు. 1968 ఏప్రిల్‌లో సినిమా వచ్చింది, అదే ఏడాది కొన్ని నెలల తర్వాత నవల. క్లార్క్ విడమరిచి చెప్పినచోటల్లా కూబ్రిక్ పెదవి విప్పలేదు. పైగా నవల్లో నౌక శనిగ్రహానికి వెళుతుంది, సినిమాలో గురుగ్రహానికి. అందుకని ముందు తెర మీద కనబడిందీ వినబడిందీ మాత్రం కాగితం మీద పెట్టండి. ఊహలు తర్వాత.

పలక నాలుగుచోట్ల కనిపిస్తుంది: వానర మానవుల దగ్గర, చంద్రుడి మీద, గురుగ్రహం దగ్గర, చివర తెల్లటి గదిలో. మొదటిచోట అది పాఠం చెబుతున్నట్టు ఎక్కడా చూపించరు. వానరాలు తడిమి చూస్తాయి, అంతే. తర్వాత వాటిలో ఒకటి ఎముకల కుప్ప ముందు కూర్చుని తల పక్కకు వంచి ఆలోచిస్తుంది. సరిగ్గా అక్కడ క్షణకాలం పలక దృశ్యం వచ్చిపోతుంది. ఎముక ఆయుధంగా మారడానికీ పలకకూ ఉన్న లంకె ఆ ఒక్క షాటే. రెప్ప వేస్తే పోతుంది!

ఎముక గాల్లోకి లేచాక కనిపించే ఉపగ్రహం అణ్వాయుధం అని చాలామంది రాస్తారు. మొదట అనుకున్నది అదే. సినిమాలో మాత్రం ఆ మాట ఎవరూ అనరు. అలా అర్థం చేసుకోవచ్చు గానీ, అది బయటినుంచి తెచ్చుకున్న సమాచారమని గుర్తుంచుకోండి.

ఇక హాల్, అంటే డిస్కవరీ నౌకను నడిపే మాట్లాడే కంప్యూటర్. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. నిజానికి మొత్తం సినిమాలో అన్ని ఆధారాలూ దొరికే భాగం ఇదే. టీవీ ఇంటర్వ్యూలో హాల్ ఏమంటుంది? 9000 రకం కంప్యూటర్లు ఏనాడూ తప్పు చేయలేదు, సమాచారాన్ని వక్రీకరించలేదు అని. కాసేపటికి నౌకలోని వ్యోమగామి బౌమన్‌తో మాటలు కలిపి, చంద్రుడి మీద ఏదో తవ్వి తీశారన్న పుకార్ల గురించీ, ముగ్గురు సిబ్బందిని ముందే నిద్రపుచ్చి ఎక్కించడం గురించీ కదిపి చూస్తుంది. సిబ్బంది మానసిక స్థితి మీద నివేదిక తయారు చేస్తున్నావు కదా అని బౌమన్ అంటాడు. అవునని ఒప్పుకున్న మరుక్షణమే "ఒక్క నిమిషం" అని ఆపి, ఏఈ-35 అనే పరికరం 72 గంటల్లో పాడవుతుందని చెబుతుంది. తీసి పరీక్షిస్తే అందులో ఏ లోపమూ ఉండదు.

ఎందుకలా? జవాబు బౌమన్ హాల్ జ్ఞాపకాల మాడ్యూళ్లు ఒక్కొక్కటే ఊడదీశాక వస్తుంది. ఆరిపోతూ హాల్ పాడే పాట ఆగిపోగానే, అంతకుముందు చంద్రుడి మీదకు వెళ్లిన అధికారి ఫ్లాయిడ్ రికార్డు చేసిన సందేశం మోగుతుంది. ప్రయాణం అసలు ఉద్దేశం హాల్‌కు మాత్రమే తెలుసనీ, పలక నలభై లక్షల ఏళ్ల నాటిదనీ, అది గురుగ్రహం వైపు ఒకే ఒక్కసారి బలమైన రేడియో సంకేతం పంపిందనీ అందులోనే ఉంది. పాట విని మనసు బరువెక్కిన ప్రేక్షకుడు ఈ మాటలు వదిలేసుకుంటాడు. వెనక్కి తిప్పి మళ్లీ వినండి. ఇంటర్వ్యూలో చెప్పుకున్న గొప్పనూ, దాచమన్న ఈ రహస్యాన్నీ పక్కపక్కన పెడితే, దాచలేక, చెప్పలేక నలిగిపోయిన యంత్రం కనబడుతుంది. ఇది నవలతోనూ సరిపోతుంది.

హాల్ అనే పేరులోని అక్షరాలను ఒక్కోటి ముందుకు జరిపితే ఐబీఎం వస్తుందనే సరదా లెక్క మీకూ తగులుతుంది. క్లార్క్ దాన్ని కొట్టిపారేశాడు. అలాంటివాటి మీద సిద్ధాంతాలు కట్టకండి.

తెల్లటి గదిని ఆపి ఆపి చూడండి. గుళికలాంటి చిన్న నౌకలోంచి బౌమన్ చూస్తే బయట ఎర్ర సూట్‌లో వయసు మీరిన తనే నిలబడి ఉంటాడు. నౌక మాయం. ఆ మనిషి స్నానాలగదిలోంచి తొంగిచూస్తే అటు తిరిగి భోంచేస్తున్న ముసలివాడు. ముసలివాడు లేచొచ్చి చూస్తే అక్కడ ఎవరూ లేరు. గ్లాసు కిందపడి పగులుతుంది, అతను తలెత్తితే మంచం మీద కొనఊపిరితో ఇంకొకడు. చూసినవాడు మాయమవుతాడు, కనబడినవాడు మిగులుతాడు. ఏళ్లు గడిచాయని చెప్పడానికి కూబ్రిక్ వాడిన పద్ధతి ఇదే. గదిలో వినిపించే వింత గొంతులు స్వరకర్త లిగెటి సంగీతాన్ని మార్చి వాడినవి. ఎవరో గమనిస్తున్నారన్న అనుమానం వాటివల్లే కలుగుతుంది. 1980లో ఒక జపాన్ డాక్యుమెంటరీ కోసం మాట్లాడుతూ, ఆ గదిని జంతుప్రదర్శనశాలతో పోల్చాడు కూబ్రిక్. మనకంటే ఎంతో పైస్థాయి జీవులు బౌమన్‌ను అందులో ఉంచి పరిశీలించాయట.

పాప సంగతికి చెవులే సాక్ష్యం. స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ బాణీ మూడుసార్లు మోగుతుంది: పేర్లు పడేటప్పుడు, ఎముక చేతికందినప్పుడు, చివర పాప కనిపించినప్పుడు. ఎముకంత పెద్ద మలుపు మళ్లీ వచ్చిందని సంగీతమే చెబుతోంది. తర్వాత ఆ పాప ఏం చేస్తుందో నవల చెబుతుంది, సినిమా చెప్పదు. అక్కడ మీరూ ఆగిపోవచ్చు.

మళ్లీ చూసేటప్పుడు ఫోన్‌లో వద్దు, పెద్ద తెర మీద చూడండి. మొదట నల్లతెర మీద సంగీతం వస్తుంది, ఫైలు పాడైందనుకోకండి. దాదాపు మొదటి 25 నిమిషాలు మాటలుండవు. ఈసారి తిండి సన్నివేశాలు కూడా విడిగా రాసుకోండి: వానరాల పచ్చిమాంసం, ఫ్లాయిడ్ స్ట్రాతో పీల్చే ట్రే, చంద్రుడి మీద శాండ్‌విచ్‌లు, డిస్కవరీలో ముద్దలు, చివరి గదిలో కత్తీ ఫోర్కుతో భోజనం. వాటి మధ్య మీకేం తోచిందో నాకు రాయండి.

ఆశీస్సులతో,
తాతయ్య