ప్రోస్ట్‌ను వదులుకున్న ఆల్పైన్, లౌడాకు వాటా ఇచ్చిన మెర్సిడెస్

ఫార్ములా వన్‌లో 2025 సీజన్ ముగిసేసరికి ఒక పాత చర్చ మళ్లీ మొదలైంది. రెడ్‌బుల్‌లో ఏళ్ల తరబడి ఏ కుర్రాడికి కారు ఇవ్వాలో, ఎవరిని దించేయాలో తేల్చిన హెల్ముట్ మార్కో తప్పుకున్నారు. ఆయన తర్వాత ఎవరన్న మాట వచ్చినప్పుడల్లా ముందుగా వినిపించే పేరు రెడ్‌బుల్ మాజీ డ్రైవర్ సెబాస్టియన్ వెటెల్‌ది. మార్కోతో ఈ విషయం మాట్లాడుతున్నానని 2025లో వెటెల్ స్వయంగా చెప్పాడు. మరోపక్క ఆల్పైన్ పది జట్లలో పదో స్థానంలో నిలిచింది. సీజన్ మొత్తానికి దక్కినవి 22 పాయింట్లు, అవన్నీ ఒక్క డ్రైవర్ గ్యాస్లీ తెచ్చినవే. నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన అలాన్ ప్రోస్ట్‌ను 2022 జనవరిలో దూరం చేసుకున్న జట్టు ఇదే.

రిటైరైన ఛాంపియన్ వల్ల జట్టుకు నిజంగా ఒరిగేది ఏమిటి? స్పాన్సర్ల విందులో ఫొటోలకు తప్ప పనికిరాడని ఒక వర్గం అంటుంది. అతను లేకపోతే డ్రైవర్ మనసు, కారు లోపం తెలిసిన మనిషి పెద్దల గదిలో ఒక్కడూ ఉండడని ఇంకో వర్గం అంటుంది. ప్రోస్ట్ ఎన్ని రేసులు గెలిచారో, నికీ లౌడా మంటల్లోంచి ఎలా బయటపడ్డారో అందరికీ తెలిసిందే కాబట్టి ఆ కథల్లోకి వెళ్లడం లేదు. ఈ చర్చకు కావలసిన పాత సంగతి ఒక్కటే. 1984లో మెక్‌లారెన్‌లో ఇద్దరూ సహచరులు. ఆ ఏడాది లౌడా అర పాయింటు తేడాతో ప్రోస్ట్‌ను దాటి టైటిల్ గెలిచారు. దాదాపు సమవుజ్జీలైన ఈ ఇద్దరినీ వాళ్ల రిటైర్మెంట్ తర్వాత రెండు కార్ల కంపెనీలు వేర్వేరుగా వాడుకున్నాయి. ఫలితాలు కూడా వేర్వేరుగానే వచ్చాయి.

అసలు మలుపు 2021 డిసెంబరులో అబుదాబిలో ఉంది. సీజన్ చివరి రేసు అక్కడే. 2022 కోసం ప్రోస్ట్ ముందు ఆల్పైన్ ఒక ఆఫర్ పెట్టింది. ఆయన వద్దన్నారు. నెల దాటాక, జనవరి మధ్యలో, ఆయన వెళ్లిపోతున్నారన్న వార్త బయటికి పొక్కింది. కలిసి ప్రకటిద్దామని మాట అనుకున్నాక ఇలా లీక్ కావడం ఏం మర్యాద అంటూ ప్రోస్ట్ ఇన్‌స్టాగ్రామ్‌లో బహిరంగంగానే బాధపడ్డారు. ఇంగ్లండ్‌లోని ఎన్‌స్టోన్‌లో కారు కట్టేవాళ్లను, ఫ్రాన్స్‌లోని విరీలో ఇంజిన్ తయారుచేసేవాళ్లను మాత్రం మిస్ అవుతానని రాశారు.

తర్వాత ఫ్రెంచ్ మీడియాతో ఆయన చెప్పిన మాటల సారాంశం ఇది. ఆల్పైన్ సీఈఓ లారాన్ రోసీకి వెలుగంతా తన మీదే ఉండాలి. సలహాదారు ఇక అవసరం లేదని తన ముఖం మీదే అన్నారు. బోర్డులో సభ్యుడిగా ఉండి కూడా కొన్ని నిర్ణయాలు ఆఖరి నిమిషంలో గానీ తనకు తెలియలేదు. చుట్టూ ఉన్న అందరినీ పక్కకు తప్పించాలన్న ఆలోచన పైన స్పష్టంగా ఉంది. కోపంలో ఉన్న మనిషి మాటలుగా వీటిని తీసిపారేయొచ్చు. కానీ ఆ ఏడాది కాలంలో జట్టు నుంచి వెళ్లినవాళ్లను చూస్తే ఆ మాటలకు బలం కనిపిస్తుంది. జట్టును ఏళ్లుగా నడిపిన సిరిల్ అబిటెబూల్ 2021 జనవరిలోనే వెళ్లిపోయారు. 2022 జనవరిలో ప్రోస్ట్‌తో పాటే ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ మార్చిన్ బుద్కోవ్‌స్కీ కూడా వెళ్లారు.

రోసీ వైపు వాదన కూడా ఉంది. జట్టులో గొంతులు ఎక్కువైతే బాధ్యత ఎవరిదో తేలదు, ఒకరి చేతిలో పగ్గాలు ఉండాలి అన్నది అందులోని సారం. ఆస్టన్ మార్టిన్ నుంచి ఓట్మార్ సాఫ్‌నావర్‌ను తెచ్చి జట్టు ప్రిన్సిపల్‌గా, అంటే జట్టును నడిపే అధిపతిగా, పెట్టారు. 2022లో ఆల్పైన్ నాలుగో స్థానం సాధించింది.

నా దృష్టిలో ప్రోస్ట్‌కూ రోసీకీ పొసగకపోవడం దీనికి మూలం కాదు. ప్రోస్ట్‌కు ఇచ్చిన హోదాలోనే లోపం ఉంది. 2017లో ఆయన రెనో జట్టుకు (2021లో ఆల్పైన్‌గా పేరు మారింది ఇదే) ప్రత్యేక సలహాదారు అయ్యారు. 2019లో నాన్-ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్, అంటే రోజువారీ నిర్వహణలో లేని డైరెక్టర్ అయ్యారు. పేరుకు బోర్డు సభ్యుడు. జట్టులో ఆయనకు సొంత వాటా లేదు, ఏ నిర్ణయాన్నీ ఆపే అధికారం లేదు. పైనున్న మనిషికి వినాలనిపిస్తే ఆ పదవికి విలువ, లేకపోతే ఉత్సవ విగ్రహమే. అబిటెబూల్ వింటున్నంతకాలం ఆ లోపం బయటపడలేదు. రోసీ రాగానే పడింది.

ఒకప్పుడు రిటైరైన ఛాంపియన్‌కు ఇలాంటి ఇబ్బంది ఉండేది కాదు. ఆయన విలువ స్టాప్‌వాచ్‌లోనే కనిపించేది. 2006 చివర్లో రిటైరైన మైకేల్ షూమాకర్, ఫెరారీకి సలహాదారుగా ఉంటూ 2007 నవంబరులో బార్సిలోనా టెస్టింగ్‌కు వచ్చి మొదటి రోజే అందరికంటే వేగంగా తిరిగాడు. కారు మలుపులో ఎక్కడ జారుతోందో, టైరు ఎప్పుడు చేతులెత్తేస్తుందో ఇంజినీర్లకు ఆ సాయంత్రమే చెప్పగల మనిషి ఎంత ఖరీదైనా చవకే. 2009 నుంచి సీజన్ మధ్యలో టెస్టింగ్‌ను నిషేధించారు. ఆ ఏడాది హంగరీలో ఫెలీపె మాసా తలకు దెబ్బ తగిలినప్పుడు అతని స్థానంలో షూమాకర్‌ను దింపాలని ఫెరారీ చూసింది. ఆ సీజన్ కారులో ఒక రోజు సాధన చేయించడానికి మినహాయింపు అడిగితే మిగతా జట్లలో కొన్ని ఒప్పుకోలేదు. చివరికి 2007 నాటి కారులో ముజెల్లోలో తిప్పి చూశారు. మెడ నొప్పి వల్ల ఆ పునరాగమనమే ఆగిపోయింది.

ఈ నిషేధం తర్వాత మాజీ ఛాంపియన్ పని ట్రాక్ మీంచి మీటింగ్ గదికి మారింది. డ్రైవర్‌ను ఒప్పించడం, ఇద్దరు డ్రైవర్లు కొట్టుకుంటే చల్లార్చడం, డబ్బిచ్చే కంపెనీ బోర్డుకు గ్యారేజ్‌లోని నిజం చెప్పడం... ఇవన్నీ మాటతో చేసే పనులు. మాట చెల్లాలంటే హోదా కావాలి. మెర్సిడెస్ ఇది 2012లోనే పట్టుకుంది.

అప్పటికి మెర్సిడెస్ జట్టు పరిస్థితి గొప్పగా లేదు. 2010లో సొంత జట్టుగా తిరిగొచ్చాక మూడేళ్లలో ఒక్క గెలుపు, అదీ 2012లో చైనాలో నికో రోస్‌బర్గ్ గెలిచింది. 2012 సెప్టెంబరులో సింగపూర్ రేసులో ముందంజలో ఉన్న లూయిస్ హామిల్టన్ మెక్‌లారెన్ కారు గేర్‌బాక్స్ దెబ్బతిని ఆగిపోయింది. అతన్ని మెర్సిడెస్‌కు రప్పించే మంతనాల్లో అప్పటి జట్టు ప్రిన్సిపల్ రాస్ బ్రాన్ పాత్ర చిన్నది కాదు. 2014లో రాబోయే కొత్త ఇంజిన్ల లెక్కలు చెప్పి పునాది వేసింది ఆయనే. అయితే హామిల్టన్‌తో ఛాంపియన్‌గా, సాటి డ్రైవర్‌గా మాట్లాడింది లౌడా. సెప్టెంబరు 28న హామిల్టన్ వస్తున్నట్టు ప్రకటించారు. లౌడాను జట్టుకు నాన్-ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్‌గా చేసిన వార్త కూడా అప్పుడే వచ్చింది. లౌడా లేకపోతే తాను ఒక్కసారి ఛాంపియన్‌గానే మిగిలిపోయేవాడినని ఆయన మరణం తర్వాత హామిల్టన్ చెప్పాడు.

హోదా పేరులో అక్కడా 'నాన్-ఎగ్జిక్యూటివ్' అనే ఉంది. ప్రోస్ట్‌కూ అదే మాట, లౌడాకూ అదే మాట. కానీ లౌడాకు జట్టులో 10 శాతం వాటా ఇచ్చారు. 2013లో జట్టును నడపడానికి వచ్చిన టోటో వోల్ఫ్‌కు 30 శాతం, మిగతా 60 శాతం మెర్సిడెస్ మాతృసంస్థ డైమ్లర్ దగ్గర. కంపెనీ అధిపతి డీటర్ జెట్‌షెతో లౌడా నేరుగా మాట్లాడగలిగేవారు. వోల్ఫ్‌తో ఎన్నోసార్లు విభేదించారు, అయినా ఎవరూ ఆయన్ను 'ఇక అవసరం లేదు' అని పంపలేరు. 2014లో 19 రేసుల్లో 16 గెలిచిన మెర్సిడెస్, 2021 దాకా వరుసగా ఎనిమిది కన్‌స్ట్రక్టర్స్ (జట్టు) టైటిళ్లు తీసుకుంది. ఇంజిన్ గొప్పదనాన్ని ఎవరూ కాదనరు. కానీ ఒకే కారులో టైటిల్ కోసం కొట్టుకున్న హామిల్టన్, రోస్‌బర్గ్ ఇద్దరితోనూ మొహమాటం లేకుండా మాట్లాడగల మనిషి ఆ గ్యారేజ్‌లో ఉన్నారు. 2016లో స్పెయిన్‌లో ఇద్దరూ ఢీకొని మొదటి ల్యాప్‌లోనే బయటికి పోయినప్పుడు, తాను ఒప్పించి తెచ్చిన హామిల్టన్‌దే ఎక్కువ తప్పని లౌడా అక్కడికక్కడే అన్నారు. జీతానికి పనిచేసే సలహాదారు అలా అనగలడా?

వాటా ఇస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయని కూడా కాదు. ప్రోస్ట్ ఒకప్పుడు తన సొంత జట్టుకే యజమాని. 1997లో లిజియే జట్టును కొని తన పేరు పెట్టుకున్నారు, ఐదు సీజన్లకే డబ్బు కరవై 2002 మొదట్లో మూతపడింది. లౌడా జాగ్వార్ జట్టును నడిపి 2002 నవంబరులో ఫోర్డ్ చేతిలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. జీతాల లెక్కలు, విడిభాగాల కొనుగోలు, వందల మంది సిబ్బంది రోజువారీ గొడవలు చూడటం ఛాంపియన్ పని కాదని ఇద్దరికీ ఒకే ఏడాది తెలిసొచ్చింది. అంతకుముందు తొంభైల్లో ఫెరారీలో లౌడా ఒట్టి సలహాదారుగానూ ఉన్నారు. 1993లో జాన్ టాడ్ వచ్చి పగ్గాలు పట్టాక ఆ పాత్ర కుంచించుకుపోయింది. కాబట్టి మెర్సిడెస్ 2012లో ఇచ్చిన పదవి ఈ రెంటికీ మధ్యలోది. రోజువారీ నిర్వహణ వోల్ఫ్‌ది, లౌడాది ఓటున్న మాట.

ప్రోస్ట్‌కూ సరైన చోటు దొరికితే ఏం చేయగలరో విద్యుత్ కార్ల పోటీ ఫార్ములా ఈలో కనిపించింది. జాన్-పాల్ డ్రియోతో కలిసి నడిపిన రెనో ఈ-డామ్స్ మొదటి మూడు సీజన్లలోనూ జట్టు టైటిల్ గెలిచింది. (2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున పోటీపడిన నిస్సాన్ జట్టుకు మూలం ఆ ఈ-డామ్సే.) అదే రెనో కంపెనీ, అదే ప్రోస్ట్. అక్కడ ఆయన భాగస్వామి, ఇక్కడ అతిథి.

ఆయన వెళ్లాక ఆల్పైన్‌లో ఏం జరిగిందో వరుసగా చూడండి. 2022 ఆగస్టు 1న, ఒప్పందం ఎన్నేళ్లన్న దగ్గర తేడా వచ్చిన ఆల్పైన్ డ్రైవర్ ఫెర్నాండో అలోన్సో, వెటెల్ ఖాళీ చేస్తున్న సీటు కోసం ఆస్టన్ మార్టిన్‌కు వెళ్తున్నట్టు ప్రకటన వచ్చింది. మర్నాడు ఆల్పైన్ తన అకాడమీ కుర్రాడు ఆస్కార్ పియాస్ట్రిని ప్రకటిస్తే, నేను మీకు నడపడం లేదని అతను ట్విటర్‌లో తిప్పికొట్టాడు. ఒప్పంద వివాదాల బోర్డు సెప్టెంబరు 2న, అతనితో అప్పటికే ఒప్పందం చేసుకున్న మెక్‌లారెన్ వైపే తీర్పిచ్చింది. పియాస్ట్రి ఒప్పందం కాగితాల్లో జాప్యం ప్రోస్ట్ ఉన్నప్పుడే మొదలైంది, ఆ తప్పు మొత్తాన్ని ఆయన లేకపోవడం మీదికి నెట్టడం న్యాయం కాదు. కానీ అలోన్సో లాంటి రెండుసార్లు ఛాంపియన్‌తో కూర్చుని 'ఇంకెన్నాళ్లు నడుపుతావు' అని ఛాంపియన్ హోదాలో అడగగల మనిషి ఆ వేసవిలో జట్టులో లేరన్నది నిజం. మెర్సిడెస్ హామిల్టన్ దగ్గరికి ఏ మనిషిని పంపిందో, ఆల్పైన్ దగ్గర ఆ మనిషే లేకుండా పోయారు. పియాస్ట్రి ఉన్న మెక్‌లారెన్ 2024, 2025 జట్టు టైటిళ్లు రెండూ గెలిచింది.

2023 మేలో రోసీ తన జట్టు తీరు అమెచ్యూర్ల మాదిరిగా ఉందని టీవీలో అన్నారు. జులైలో ఆయన్నే పక్కనపెట్టారు. అదే నెల బెల్జియం రేసు దగ్గర సాఫ్‌నావర్‌నూ, ఎన్‌స్టోన్‌లో దశాబ్దాలు పనిచేసిన అలన్ పెర్మేన్‌నూ పంపించేశారు. అప్పుడు ప్రోస్ట్ లెకీప్ పత్రికలో రాసిన వ్యాసం ఈ మొత్తం వివాదంలో అతి ముఖ్యమైన పత్రం అనిపిస్తుంది. రోసీని అసమర్థుడని కటువుగానే అన్నారు. ఆ కటువుతనం కంటే తర్వాతి మాట ముఖ్యం. ముప్పై ఏళ్ల విజేతలందరినీ చూస్తే కంపెనీ ఆర్గనైజేషన్ చార్టు కాకుండా ముగ్గురు నలుగురు బలమైన మనుషులు, వాళ్లకు తోడు గెలిచే డ్రైవర్ కనిపిస్తారని ఆయన గుర్తుచేశారు. ప్రధాన కార్యాలయంలో కూర్చుని ఫార్ములా వన్ నడిపేయొచ్చనుకోవడమే పెద్ద పొరపాటని రాశారు. ఆ తర్వాత రెనో 2024 సెప్టెంబరులో విరీ ఫార్ములా వన్ ఇంజిన్‌నే ఆపేస్తామని ప్రకటించింది. 2026కి ఆల్పైన్ కారులో మెర్సిడెస్ ఇంజిన్.

ఇప్పుడు రెడ్‌బుల్ ముందున్న ప్రశ్నకు ఇదంతా వర్తిస్తుంది. మార్కో ఫార్ములా వన్ ఛాంపియన్ కారు. 1971లో లెమాన్స్ 24 గంటల రేసు గెలిచారు, మరుసటి ఏడాది రాయి తగిలి కన్ను పోవడంతో డ్రైవింగ్ ఆగిపోయింది. రెడ్‌బుల్‌లో ఆయన పదవి కూడా 'సలహాదారు' మాత్రమే. ఆ సలహా చెల్లడానికి కారణం సహ యజమాని డీట్రిచ్ మాటెషిట్జ్ ఆయన ఫోన్ ఎత్తడం. 2022 అక్టోబరులో మాటెషిట్జ్ చనిపోయాక అధికారం ఆలివర్ మింట్జ్‌లాఫ్ లాంటి కంపెనీ మేనేజర్ల చేతికి వచ్చింది, మార్కో పట్టు సడలడమూ అప్పుడే మొదలైంది. వెటెల్ రెడ్‌బుల్‌కు 2010 నుంచి 2013 దాకా నాలుగు టైటిళ్లు తెచ్చినవాడు, అకాడమీ కుర్రాళ్లకు అతని మాట వేదం. అతను వస్తే ఎవరికి నేరుగా జవాబుదారీగా ఉంటాడు, డ్రైవర్ల ఒప్పందాల మీద సంతకానికి ముందు అతని సమ్మతి తీసుకుంటారా, జట్టు ప్రిన్సిపల్ లోరాన్ మెకీస్‌తో విభేదిస్తే తుది మాట ఎవరిది అన్నవి రాతపూర్వకంగా తేలాలి. అవి తేలకుండా 'సలహాదారు' అన్న పేరుతో వెటెల్ ఆ కుర్చీలో కూర్చోకూడదు.