జడ్జి పోయి మంత్రి వచ్చిన కమిటీ: ఓటరు జాబితా గొడవకు వెనక కథ

బిహార్ ఓటరు జాబితాను ఎన్నికల కమిషన్ సవరిస్తూ పేర్లు తీసేస్తున్న తీరును నిరసిస్తూ 2025 ఆగస్టు 11న పార్లమెంటు మకర ద్వారం నుంచి బయల్దేరిన దాదాపు 300 మంది ప్రతిపక్ష ఎంపీలు ఎన్నికల కమిషన్ ఆఫీసు దాకా చేరలేకపోయారు. ట్రాన్స్‌పోర్ట్ భవన్ దగ్గరే పోలీసులు బారికేడ్లు పెట్టారు. అఖిలేశ్ యాదవ్ బారికేడ్ ఎక్కి అవతలికి దూకారు. చివరికి అందర్నీ బస్సులెక్కించి తీసుకుపోయారు. 30 మందిని లోపలికి రమ్మన్నామని కమిషన్, వస్తే అందరం వస్తామని ఎంపీలు. ఆ నెలలోనే బిహార్‌లో ఓటర్ అధికార్ యాత్ర, డిసెంబరు 14న ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో కాంగ్రెస్ సభ. ఎక్కడ జాబితా సవరణ మాటెత్తినా ఇప్పుడదే రచ్చ.

1990లలో ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉన్న టి.ఎన్. శేషన్ రోజులు, ఈవీఎంల తగాదా అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోకుండా నేరుగా 2022 నవంబరుకు వెళ్దాం. ఎన్నికల కమిషనర్ల నియామకంపై సుప్రీంకోర్టులో దాఖలైన పిటిషన్లను జస్టిస్ కె.ఎం. జోసెఫ్ నేతృత్వంలోని ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం వింటోంది. ఆ వాదనలు సాగుతుండగానే, నవంబరు 18న అరుణ్ గోయల్ అనే ఐఏఎస్ అధికారి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. 19న కమిషనర్ అయ్యారు. మే 15 నుంచి ఖాళీగా ఉన్న కుర్చీ అది. ఆర్నెల్లు కదలని ఫైలు ఒక్కరోజులో ఎలా పరుగెత్తిందని జడ్జీలు అడిగారు, ఫైలు తెప్పించుకుని చూశారు.

2023 మార్చి 2న తీర్పు వచ్చింది. పార్లమెంటు చట్టం చేసేదాకా ప్రధాని, లోక్‌సభలో ప్రతిపక్ష నేత, ప్రధాన న్యాయమూర్తి కలిసి కమిషనర్ల పేర్లు సూచించాలి. ఆ ఏడాది డిసెంబరులో కేంద్రం చట్టం చేసింది. అందులో పెట్టిన ఎంపిక కమిటీలో ప్రధాన న్యాయమూర్తి లేరు, ఆయన స్థానంలో ప్రధాని ఎంపిక చేసే కేంద్రమంత్రి వచ్చారు. ముగ్గురిలో ఇద్దరు ప్రభుత్వం మనుషులే. ఇక ఓటింగ్ లెక్క ఎవరికైనా తెలుస్తుంది. బిల్లు లోక్‌సభలో గట్టెక్కేనాటికి ప్రతిపక్ష ఎంపీల్లో చాలామంది సస్పెన్షన్‌లో ఉన్నారు.

ఆ కమిటీ పనిచేసిన తీరు 2024 మార్చి 14న బయటపడింది. ముందు రోజు రాత్రి తనకు 212 పేర్లు ఇచ్చారని, మీటింగుకు పది నిమిషాల ముందు ఆరు పేర్ల షార్ట్‌లిస్టు చేతిలో పెట్టారని కమిటీలో ప్రతిపక్షం తరఫున ఉన్న కాంగ్రెస్ నేత అధీర్ రంజన్ చౌధురి చెప్పారు. అప్పుడు కమిషనర్‌గా వచ్చిన జ్ఞానేశ్ కుమార్‌నే 2025 ఫిబ్రవరి 17 రాత్రి ప్రధాన కమిషనర్‌ను చేశారు. ఆ చట్టంపై సుప్రీంకోర్టు విచారణ రెండు రోజుల్లో ఉంది, అప్పటిదాకా ఆగమని ప్రతిపక్ష నేతగా కమిటీలో ఉన్న రాహుల్ గాంధీ అసమ్మతి నోట్ ఇచ్చారు. ఆగలేదు.

ప్రభుత్వ వాదన కూడా ఉంది. 324వ అధికరణ నియామకాలపై చట్టం చేసే అధికారాన్ని పార్లమెంటుకే ఇచ్చింది, కోర్టు కూడా చట్టం వచ్చేదాకా అనే కదా చెప్పింది అంటారు. నిజమే. కాంగ్రెస్ కూడా కడిగిన ముత్యమేమీ కాదు. 1993లో శేషన్ దూకుడుకు ముకుతాడు వేయడానికి పీవీ ప్రభుత్వమే మరో ఇద్దరు కమిషనర్లను తెచ్చింది, వాళ్లలో ఒకరు మన జి.వి.జి. కృష్ణమూర్తి.

అయినా బిహార్ ముసాయిదా జాబితాలో 65 లక్షల పేర్లు తగ్గినప్పుడు ప్రతిపక్షం కమిషన్ మాట నమ్మకపోవడానికి ఈ కమిటీయే కారణమనిపిస్తుంది. చనిపోయినవాళ్లు, వలస వెళ్లినవాళ్లు, రెండుచోట్ల పేరున్నవాళ్లు అని కమిషన్ చెప్పింది. పేర్లూ కారణాలూ బయటపెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. పోలింగ్ బూత్‌ల సీసీటీవీ వీడియోలు అడిగితే, మన తల్లుల, కోడళ్ల వీడియోలు బయటపెట్టాలా అని జ్ఞానేశ్ కుమార్ ఎదురు ప్రశ్న వేశారు.

ఎన్డీయేలోనే ఉన్న తెలుగుదేశం కూడా 2025 జులైలో కమిషన్‌కు లేఖ రాసింది. ఈ సవరణకూ పౌరసత్వ నిర్ధారణకూ సంబంధం లేదని స్పష్టం చేయమని, పెద్ద ఎన్నికలకు ఆరు నెలల లోపు ఈ పని పెట్టుకోవద్దని కోరింది. ఆ పార్టీ ర్యాలీలకు మాత్రం పోలేదు.

రామ్‌లీలా మైదానంలో రాహుల్ తిట్టింది జాబితాను ఒక్కదాన్నే కాదు. 2023 చట్టంలో 16వ సెక్షన్ ఒకటుంది. డ్యూటీలో భాగంగా తీసుకున్న నిర్ణయాలపై కమిషనర్ల మీద సివిల్, క్రిమినల్ కేసులు పెట్టకుండా అడ్డుపడేది అదే. అధికారంలోకి వస్తే ఆ చట్టాన్ని వెనకటి తేదీ నుంచి మారుస్తామని, ముగ్గురు కమిషనర్ల పేర్లూ చదివి మరీ ఆయన హెచ్చరించారు.