ఇసుకలో ట్రాలీ ఎందుకు కదలదు?

టెంటు, చాపలు, దుప్పట్లు, పొయ్యి, గిన్నెలు, 20 లీటర్ల వాటర్ టిన్ను... నలుగురు ఒక రాత్రి బయట పడుకోవడానికి బయల్దేరితే సామాను సులువుగా 40 కిలోలు అవుతుంది. కారు ఆగే చోటికీ టెంటు వేసే చోటికీ మధ్య ఉండే ఆ రెండు మూడు వందల మీటర్లలోనే అసలు కష్టమంతా. భీమిలి వైపైతే పొడి ఇసుక, లంబసింగి వైపైతే గట్లు, రాళ్ళు. అందుకని చాలామంది మడతపెట్టే ట్రాలీ కొంటారు, కొనేటప్పుడు '150 కిలోలు మోస్తుంది' అని రాసి ఉందా అని చూస్తారు. ఆ అంకె చెప్పేది నున్నటి నేల మీద ఫ్రేము ఎంత బరువు ఆపుతుందని మాత్రమే. మీరు దాన్ని లాగగలరా లేదా అనేది చక్రం వ్యాసం మీద ఉంటుంది, కాబట్టి షాపులో ముందు టేపు పెట్టి కొలవాల్సింది చక్రాన్ని.

దారిలో 5 సెంటీమీటర్ల ఎత్తున్న రాతి మెట్టు అడ్డం వచ్చిందనుకోండి. దాన్ని ఎక్కాలంటే చక్రం ఆ అంచు మీద ఆనుకుని తిరుగుతూ ఇరుసును పైకి లేపాలి. ముందు ఇరుసు మీద 20 కిలోల బరువుంటే, 20 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రాలను నేలకు సమాంతరంగా లాగి ఎక్కించడానికి దాదాపు 35 కిలోల బలం కావాలి, అంటే మోసే బరువు కన్నా ఎక్కువ, అంతకన్నా ఆ కొసను ఎత్తి మెట్టు మీద పెట్టడమే నయం. అదే చిన్నపిల్లల 16 అంగుళాల సైకిల్ చక్రమంత, అంటే సుమారు 40 సెంటీమీటర్ల చక్రాలైతే 18 కిలోల బలం చాలు. ఇక సూట్‌కేసు మోసే చిన్న ట్రాలీలకుండే 10 సెంటీమీటర్ల చక్రానికి మెట్టు అంచు సరిగ్గా ఇరుసు ఎత్తులోనే తగులుతుంది, ఎంత బలంగా ముందుకు లాగినా అది ఎక్కదు. గతుకుల దారుల్లో తిరగాల్సిన మన ఎడ్లబండికి అంత పెద్ద చక్రాలు పెట్టారంటే అందులో ఈ లెక్క ఉంది.

ఇసుకలో కథ వేరు. అక్కడ అడ్డు పడే రాయి ఉండదు, చక్రమే తన ముందు అడ్డు తయారు చేసుకుంటుంది. బరువుకు కిందికి దిగబడి, ఎదుటి ఇసుకను నొక్కుతూ, తోస్తూ, అడుగడుగునా తాను తవ్విన గుంటలోంచి తానే ఎక్కుతూ పోవాలి. సామానూ బండీ కలిపి 50 కిలోలుంటే కాంక్రీటు మీద కిలో బలంతో కదిలిపోతుంది, వదులైన పొడి ఇసుకలో 10 నుంచి 15 కిలోలు లాగాలి. బేరింగులు మంచివి వేస్తే తేలిగ్గా పోతుందని అమ్మేవాళ్ళు చెబుతారు గానీ, ఇసుకలో పోయే బలంలో ఇరుసు దగ్గరి రాపిడి వాటా చాలా తక్కువ.

దిగబడకుండా ఉండాలంటే బరువు ఎక్కువ జాగా మీద పరుచుకోవాలి. వెడల్పు చక్రమూ ఆ పని చేస్తుంది, పెద్ద చక్రమూ చేస్తుంది, కానీ రెండింటికీ తేడా ఉంది. వెడల్పు చక్రం వెడల్పాటి గాడిని నొక్కుకుంటూ పోవాలి. పెద్ద చక్రం నేలను పొడవునా తాకుతుంది, గాడి సన్నంగానే ఉంటుంది. మెత్తటి నేల మీద చక్రాల నడకను ఒక శాస్త్రంగా నిలబెట్టిన పోలండ్ మూలాల ఇంజనీరు మెచిస్లావ్ బెకర్ ఇలాంటి లెక్కలే కట్టాడు. 1971లో అపోలో 15తో చంద్రుడి మీదికి వెళ్ళిన రోవర్ తయారీలోనూ ఆయన పనిచేశాడు. ఆ రోవర్‌కు తీగలతో అల్లిన చక్రాలు వేశారు, వ్యాసం 80 సెంటీమీటర్ల పైన, వెడల్పు 23. అంత జ్ఞానం ఉండి కూడా 2009లో అంగారకుడి మీద స్పిరిట్ రోవర్ మెత్తటి మట్టిలో దిగబడి మళ్ళీ బయటికి రాలేదు!

ఎక్కువగా బీచ్‌కే వెళ్ళేవాళ్ళు బెలూన్ చక్రాలు తీసుకోవచ్చు. గాలి 2 నుంచి 4 పీఎస్ఐ మాత్రమే ఉంటుంది (కారు టైరులో 30 పైమాటే), నేల మీద పడే ఒత్తిడి కూడా దాదాపు అంతే కాబట్టి ఇసుక పైన తేలుతూ పోతాయి. వీటికి, ఆ మాటకొస్తే గాలి టైర్లన్నిటికీ, శత్రువు పల్లేరు కాయ. ఇసుక నేలల్లో పాకే ఆ మొక్క కాయకు ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. పొలాల వైపు, తుమ్మ కంపల వైపు తిరిగేవాళ్ళకి లోపల ఫోమ్ నింపిన టైర్లు మేలు, కాస్త బరువైనా పంక్చర్ భయం ఉండదు.

ఏ చక్రమైనా, నడిచే దారి కూడా ముఖ్యమే. అల తడిపి వెళ్ళిన ఇసుక గట్టిగా ఉంటుంది, ఎందుకంటే రేణువుల మధ్య మిగిలిన కాస్త నీరు తలతన్యతతో వాటిని దగ్గరికి లాగి పట్టుకుంటుంది. పూర్తిగా ఎండినా, పూర్తిగా మునిగినా ఆ పట్టు పోతుంది. రుషికొండలో అయినా అంతే, పొడి ఇసుకను అడ్డంగా దాటేసి తడి పట్టీ మీద పొడవునా నడవండి.

రాళ్ళ దారికి నాలుగు చక్రాల కన్నా రెండు పెద్ద చక్రాల బండే నాకు నచ్చుతుంది. నాలుగైతే ఎగుడుదిగుడు నేల మీద ఒకటి గాల్లో లేచి, బరువంతా మిగతా మూడింటి మీద పడి ఫ్రేము మెలితిరుగుతుంది. రెండు చక్రాలకు ఆ బాధ లేదు, కాకపోతే బరువు ఇరుసుకు కొంచెం ముందు ఉండేలా సర్దుకోవాలి, చేతి మీద మూడు నాలుగు కిలోలు పడితే బండి అదుపులో ఉంటుంది. వాటర్ టిన్ను అన్నిటికన్నా అడుగున పెట్టండి. చక్రాల మధ్య 50 సెంటీమీటర్లుండి, బరువు కేంద్రం కూడా 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 26 డిగ్రీలు పక్కకు ఒరగగానే బండి పడిపోతుంది, 25కి దించితే 45 డిగ్రీల దాకా ఆగుతుంది.

నాలుగు చక్రాలదే ఉంటే దాని పొట్టి హ్యాండిల్‌కు 2 మీటర్ల తాడు కట్టి చూడండి. ఇసుకలో లాగడానికి అనువైన కోణం 14 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆ పొడవు తాడు నడుము ఎత్తులో పట్టుకుంటే ఇంచుమించు అదే వస్తుంది. తోయడం మాత్రం వద్దు, తోసే బలంలో కొంత చక్రాన్ని ఇంకా కిందికి నొక్కుతుంది. దిగుడులో మాత్రం బండికి ఎగువన ఉండి, తాడు వెనక్కి బిగించి పట్టుకుంటూ దించండి. 10 డిగ్రీల వాలులో 50 కిలోల బండి 8, 9 కిలోల బలంతో కిందికి లాగుతుంది. బీచ్ నుంచి ఇంటికి రాగానే ఇరుసులు, బేరింగులు మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, గ్రీజు రాయండి, మన ఉప్పు గాలికి ఇనుప ఇరుసు తుప్పు పట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు.