మద్రాసులో దొరకని మద్రాస్ కూర

బర్మింగ్‌హామ్

చి. పిల్లలిద్దరికీ నాయనమ్మ ఆశీస్సులు.

మీరు పంపిన వీడియో చూశాను. ఇక్కడి అమ్మాయి ఎవరో రేకు డబ్బాల మూతలు తీసి, పసుప్పచ్చటి అన్నం మీద ఎర్రకూర, తెల్లకూర పక్కపక్కనే ఒంపుకుని, పైన చిప్స్, అంటే మన ఫ్రెంచ్ ఫ్రైస్ లాంటి బంగాళాదుంప ముక్కలు కూడా వేసుకుని "మా ఇండియన్ టేక్‌అవే" అంటోంది, అంటే కొట్టు నుంచి కట్టించుకొచ్చుకున్న భోజనం. దాని కింద మనవాళ్ళు పెట్టిన తిట్లు కూడా చదివాను. "అసలు ఇది ఇండియన్ ఫుడ్డేనా నాయనమ్మా? నువ్వు కూడా ఇదే తింటావా?" అని అడిగారు కదా. రోజూ ఎందుకు తింటాను, నా పప్పూ పులుసూ నాకుండగా! కానీ ఆ డబ్బాల సంగతి నాకు బాగానే తెలుసు. మా వీధి చివర ఉన్న అలాంటి దుకాణానికి చాలా ఏళ్ళు లెక్కలు రాశాను. వేడిగా అమ్మే కూరకి వ్యాట్ అనే అమ్మకం పన్ను వేసి, చల్లగా కట్టిచ్చే పెరుగుపచ్చడికి వేయకుండా కూడటం నా పని. వారానికి ఎన్ని బస్తాల ఉల్లిపాయలు దిగాయో, క్రీమెంతో, నూనెంతో బిల్లుల్లోనే కనిపిస్తుంది. లెక్కలు రాసేవాళ్ళ దగ్గర వంటింటి గుట్టు దాగదు.

బోర్డు మీద ఇండియన్ అని రాసి ఉంటుంది గానీ, బ్రిటన్‌లో ఈ పాతకాలపు కర్రీ హౌస్‌లు ఎక్కువ భాగం నడిపింది బంగ్లాదేశ్ వాళ్ళు. అందులోనూ ఒక్క సిల్హెట్ ప్రాంతం వాళ్ళే ఎక్కువ. మన కోస్తావాళ్ళు ఒకప్పుడు బతుకుతెరువుకి రంగూన్ వెళ్ళారని మీ తాతయ్య చెప్పేవారు, గుర్తుందా? సిల్హెట్ వాళ్ళు అలాగే కలకత్తా రేవుకి పోయి ఇంగ్లీషు వాళ్ళ స్టీమర్లు ఎక్కారు. ఓడ అడుగున బాయిలర్‌లోకి బొగ్గు ఎత్తిపోసే పని. ఆ వేడి తట్టుకోలేక, జీతాలు చాలక, ఓడ లండన్‌లోనో కార్డిఫ్‌లోనో ఆగినప్పుడు కొందరు దిగి మళ్ళీ ఎక్కలేదు. హోటళ్ళలో గిన్నెలు తోమారు, ఉల్లిపాయలు తరిగారు, అక్కడే వంట నేర్చుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బాంబులకి దెబ్బతిన్న కేఫులు, చేపలూ చిప్స్ అమ్మే కొట్లు చవగ్గా అమ్మకానికి వచ్చాయి. వీళ్ళు చేతిలో ఉన్న డబ్బులు కలుపుకుని వాటిని కొన్నారు. పాత గిరాకీ పోకూడదు కాబట్టి చేపలూ చిప్స్ మానెయ్యలేదు, వాటి పక్కనే ఓ కూర, అన్నం పెట్టారు. పబ్బులు మూసేశాక రాత్రి పదకొండు దాటి ఆకలితో వచ్చేవాళ్ళ కోసం కొట్టు తెరిచి ఉంచారు. తాగొచ్చినవాళ్ళు చిప్స్ మీద కూర పోయమన్నారు, వీళ్ళు పోశారు. మీరు నవ్విన ఆ చిప్స్ ఈ అమ్మాయి నిన్న మొన్న కనిపెట్టింది కాదు.

వీళ్ళకి ముందు కూడా హోటళ్ళు లేకపోలేదు. 1810లోనే పాట్నా నుంచి వచ్చిన దీన్ మహమ్మద్ అనే ఆయన లండన్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ అని పెట్టాడు, కూరలూ హుక్కాలూ రెండూ ఉండేవి, రెండేళ్ళకే దివాలా తీశాడు. తర్వాత 1926లో రీజెంట్ స్ట్రీట్‌లో వీరాస్వామి అని ఒకటి వచ్చింది. పేరు చూసి మన గోదావరి వైపు వాళ్ళెవరో పెట్టుంటారని మురిసిపోకండి, పెట్టింది ఎడ్వర్డ్ పామర్. ఇండియాలో ఉద్యోగాలు చేసి తిరిగొచ్చిన దొరలకి, డబ్బున్నవాళ్ళకి అదో ముచ్చట. కార్ఖానాలో పనిచేసేవాడికి కూర రుచి చూపించింది మాత్రం ఈ ఓడ దిగినవాళ్ళే.

ఇక ఆ కూర ఎలా చేస్తారో చెబుతాను. ఒకసారి మధ్యాహ్నం లెక్కల పుస్తకం తీసుకుని వెళ్తే, మా ఓనరు భాయ్ "కూర్చోండి ఆపా, ఈ పని అయ్యాక చూద్దాం" అని నన్ను వంటింట్లోనే కూర్చోబెట్టాడు. ఆపా అంటే అక్క. మన పెళ్ళిళ్ళలో సాంబారు కాచేంత గిన్నె. అందులో బస్తా ఉల్లిపాయలు, నాలుగు ముక్కలుగా కోసి పడేసినవి. కొంచెం క్యారెట్, కాప్సికం, అల్లం, వెల్లుల్లి, దండిగా నూనె, పసుపు, నిండా నీళ్ళు. వేయించడం లేదు, పోపు లేదు. పచ్చి ఉల్లి ఘాటు పూర్తిగా చచ్చేదాకా ఉడకనివ్వడమే. ఆ వాసన మూడు ఇళ్ళ అవతలికి కొడుతుంది, కోటుకి పడితే వారమైనా పోదు. ఉడికాక చేతి పొడవున్న మిషన్ పెట్టి మెత్తగా తిప్పేస్తారు. మళ్ళీ కొంచెం మసాలా పొడి వేసి కాస్తారు. చివరికి అది సూపులా పల్చగా, తియ్యతియ్యగా తయారవుతుంది. నాలుక మీద వేసుకుంటే ఏ ఊరి రుచీ కాదు. వాళ్ళకి కావలసింది అదే.

సాయంత్రం ఆర్డర్ రాగానే అసలు వంట మొదలవుతుంది. పల్చటి అల్యూమినియం పెనం, పెద్ద మంట. నూనెలో అల్లం వెల్లుల్లి ముద్ద, ఒక చెంచా కలిపిన కారప్పొడీ మసాలా, పల్చన చేసిన టమాటా పేస్టు. దాని మీద ఓ గరిటెడు ఆ ఉల్లి రసం పొయ్యగానే సర్రుమని పొంగుతుంది. పెనం అంచులకి అంటుకుని మాడీ మాడనట్టున్నదాన్ని గీకి మళ్ళీ కూరలో కలుపుతాడు. రుచంతా ఆ గీకుడులోనే ఉందని భాయ్ అనేవాడు. ఇంకో గరిటెడు పోసి, ముందే ఉడికించి పెట్టుకున్న కోడి ముక్కలు వేస్తాడు. ఇందులో కారం పెంచి నిమ్మరసం పిండితే మద్రాస్, ఇంకా మండేలా చేస్తే విందాలూ, కొబ్బరి పొడీ చక్కెరా క్రీమూ వేస్తే కుర్మా, ఉడికించిన పప్పూ అనాస ముక్కలూ పడితే ధన్‌సాక్. పది నిమిషాల్లో డబ్బాలోకి వెళ్ళిపోతుంది. ఇంట్లో కూరకి గంట పట్టేచోట, శుక్రవారం రాత్రి వరసగా నలభై ఆర్డర్లు పడితే వేరే దారి ఏముంది చెప్పండి?

మద్రాసు వాడెవడూ మద్రాస్ కూర అనేది వండుకోడు. ఇక్కడి మెనూలో ఆ పేరు ఊరి గుర్తు కాదు, కారం ఎంతో చెప్పే గుర్తు. విందాలూ కూడా అంతే. గోవాలో అది వినిగర్ పోసి నానబెట్టి చేసే పంది మాంసం వంటకం, ఇక్కడికొచ్చేసరికి పందేల మీద తినే మంట అయి కూర్చుంది. పార్సీ వాళ్ళ ధన్‌సాక్‌లో అనాస ఎక్కణ్ణుంచి వచ్చిందో అడక్కండి. ఈ కుర్మా తీపి మాత్రం నావల్ల కాదు, పాయసంలో కోడి వేసినట్టుంటుంది.

మరి మనం నవ్వొచ్చా అంటే, కాస్త ఆలోచించి నవ్వమంటాను. హైదరాబాదులో మీ నాన్న తీసుకెళ్ళే ఏసీ రెస్టారెంట్ వంటింట్లోకి తొంగి చూడండి. ఎర్ర గ్రేవీ ఒక గిన్నెలో, జీడిపప్పు తెల్ల గ్రేవీ ఒక గిన్నెలో కాచి ఉంటాయి. పనీర్ బటర్ మసాలా, కడాయి పనీర్, షాహీ పనీర్ అని మీరు విడివిడిగా ఆర్డర్ ఇస్తారు, వాటిల్లోంచే అన్నీ పుడతాయి. మీ వీధి బండి మీద గోబీ మంచూరియా సంగతి ఏమిటి? మంచూరియాలో అలాంటి వంటకమే లేదు. 1975 ప్రాంతంలో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో నెల్సన్ వాంగ్ అనే చైనీస్ వంటాయన, మన మసాలాకీ సోయా సాస్‌కీ పెళ్ళి చేసి చికెన్ మంచూరియన్ మొదలుపెట్టాడంటారు. చైనా వాడు గుంటూరు వచ్చి అది తిని "ఇది మా తిండే కాదు" అని వీడియో తీస్తే మీకెలా ఉంటుంది?

అంతెందుకు, మన మిరపకాయ! మిర్చి యార్డు పక్కన పుట్టి పెరిగిన పిల్లలు మీరు. ఆ కాయని అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళు మన దేశానికి తెచ్చింది పదహారో శతాబ్దంలో. అంతకు ముందు మన పెద్దల కూరల్లో కారమంటే మిరియాలూ పిప్పళ్ళే. కృష్ణదేవరాయల కాలంలో ఎవరైనా ఎర్రగా కొత్తావకాయ వడ్డిస్తే, "ఇదేం తిండి, మనది కాదే" అని విస్తరి ముందు నుంచి లేచి ఉండేవారేమో. అసలైన వంట ఏది అన్న ప్రశ్న వేస్తే ఎవరో ఒకరు ఒక ఏడాది దగ్గర గీత గీయాలి. ఎక్కడ గీస్తారు?

నా లెక్కలో ఆ డబ్బాలో కూర అసలైనదే, కాకపోతే బర్మింగ్‌హామ్‌దీ గ్లాస్గోదీ అసలు. చికెన్ టిక్కా మసాలా బ్రిటన్ జాతీయ వంటకమని 2001లో ఇక్కడి విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ ఒక సభలో అన్నాడు. దాన్ని గ్లాస్గోలో షిష్ మహల్ అనే హోటల్ నడిపిన అలీ అహ్మద్ అస్లమ్ 1970ల్లో కనిపెట్టానని చెప్పేవాడు. ఎవరో గిరాకీ కోడి ముక్కలు పొడిగా ఉన్నాయని వెనక్కి పంపితే, తను తాగుతున్న టమాటా సూపు ఇంత పోసి పంపాడట. ఇంకా చాలామంది మేమే అంటారు, ఆ పంచాయితీలో మనకెందుకు. మా ఊళ్ళో బాల్టీ అని ఉంది. పల్చటి ఉక్కు గిన్నెలో వండి, పొగలు కక్కుతుండగా ఆ గిన్నెతోనే బల్ల మీద పెడతారు. 1970ల్లో స్పార్క్‌బ్రూక్ వైపు పాకిస్తానీ వాళ్ళ హోటళ్ళలో పుట్టింది. బల్లంత నాన్ ఒకటి తెస్తారు, నలుగురం చింపుకు తినాలి. మీరొచ్చినప్పుడు తీసుకెళ్తాను.

నాకు బాధ కలిగే సంగతి వేరే ఉంది. ఆ దుకాణంలో పనివాళ్ళు మధ్యాహ్నం మూడింటికి భోంచేసేవాళ్ళు. ఒకరోజు నాకూ ఓ పళ్ళెం పెట్టారు. తెల్లన్నం, చేపల పులుసు, సాత్‌కొరా అనే నిమ్మజాతి కాయ తొక్క వేసి ఉడికించిన ఘాటు కూర, ఎండుచేపల పచ్చడి. ఎండుచేపలు! మా ఇంట్లో వండితే పక్కింటి తెల్లావిడ ఫైర్ ఇంజన్‌కి ఫోన్ చేస్తుందేమోనని కిటికీలు మూసి వండేదాన్ని. చెయ్యి కడగబుద్ధి కాలేదు నాకు. ఇది మెనూలో ఎందుకు పెట్టరు భాయ్ అంటే, "ఎవరు కొంటారు ఆపా?" అన్నాడు. 1971లో వాళ్ళకి సొంత దేశం వచ్చింది, బోర్డు మీద మాత్రం పరాయి దేశం పేరే ఉండిపోయింది. తమ ఇంటి కూర వెనక గదిలో తిని, ఇంగ్లీషు వాడికి నచ్చిన కూర ముందు గదిలో అమ్మి పిల్లల్ని చదివించారు. ఆ పిల్లలు డాక్టర్లు, అకౌంటెంట్లు అయ్యారు, అర్ధరాత్రి దాకా పెనం తిప్పడానికి ఒక్కరూ రారు. బంగ్లాదేశ్ నుంచి వంటవాళ్ళని తెచ్చుకుందామంటే వీసా షరతులు కుదరవు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొస్తే కర్రీ హౌస్‌లకి మేలు జరుగుతుందని 2016 ఓట్లప్పుడు చెప్పినవాళ్ళున్నారు. నమ్మి ఓటేసిన భాయ్‌లు తర్వాత తిట్టుకున్నారు. కరెంటు బిల్లు, గ్యాసు బిల్లు, ఫోన్ యాప్‌ల కమీషను కలిపితే మిగిలేదెంతో రాసిన చేతికి తెలుసు.

వాళ్ళ మీద నాకు జాలి ఉందని అన్నిటికీ వత్తాసు పలకను. వంట మారితే తప్పు లేదు, డబ్బాలో ఉన్నది ఒకటై చెప్పేది ఒకటైతే తప్పు. 2014లో ఉత్తర ఇంగ్లండులో ఒకాయన వేరుశనగ పడదని చెప్పి మరీ కూర తీసుకెళ్ళి, తిని చనిపోయాడు. ఖర్చు తగ్గుతుందని ఆ ఓనరు బాదం పొడికి బదులు వేరుశనగ కలిసిన పొడి వాడాడు. 2016లో కోర్టు అతనికి ఆరేళ్ళ జైలు వేసింది. ఇప్పుడు చట్టప్రకారం వేరుశనగ, నువ్వులు, పాలు, ఆవాలు లాంటి 14 రకాల్లో ఏవి ఉన్నాయో అడిగితే చెప్పి తీరాలి. మన చిన్నదానికి జీడిపప్పు తింటే దద్దుర్లొస్తాయి కదా, అది ఈ సంగతి జాగ్రత్తగా చదవాలి. తలుపు మీద పచ్చ నలుపు స్టిక్కర్ ఒకటి ఉంటుంది, శుభ్రతకి సున్నా నుంచి ఐదు దాకా మార్కులు. ఇంగ్లండులో అది అంటించడం వాళ్ళ ఇష్టం, వేల్స్‌లో తప్పనిసరి. స్టిక్కర్ కనపడకపోతే నేను లోపలికి పోను, ఎంత కమ్మటి వాసన వచ్చినా సరే.

ఇప్పుడు మనవాళ్ళు కూడా దిగారు. లండన్‌లో ఈస్ట్ హామ్ వైపు వెళ్తే దోసెలూ దమ్ బిర్యానీలూ, గోంగూర మటన్ కూడా దొరుకుతాయి. అందులో కూర్చుని "మన రుచి కాదండీ" అని పెదవి విరిచే తెలుగువాళ్ళూ కనిపిస్తారు. గుంటూరాయన నెల్లూరు చేపల పులుసుకి వంక పెడతాడు, నెల్లూరాయన తెలంగాణ పచ్చిపులుసుకి. అది మన ఇంటి జబ్బే, దానికి లండన్ ఏం చేస్తుంది.

సెలవుల్లో వస్తారు కదా. వచ్చాక ఒక శుక్రవారం భాయ్ కొట్టుకి ఫోన్ చేద్దాం. ఇప్పుడు వాళ్ళ తమ్ముడు చూస్తున్నాడు. మీ నాన్న గుంటూరోణ్ణన్న పౌరుషంతో విందాలూ అంటాడు, ఆపండి. ఉత్త కారమే తప్ప అందులో రుచేం ఉండదు. మద్రాస్ ఒకటి, తడ్కా దాల్ ఒకటి, నాన్‌లు నాలుగు చాలు. కుర్మా వద్దు. పెద్దాడా, నీకు చిప్స్ కావాలంటే విడిగా చెప్పు, మీద కూర పోయించుకో, నేనేమీ అనను. ఎండుచేపల సంగతి నేను ముందుగా చెప్పి ఉంచుతాను, మధ్యాహ్నం మూడింటికి వెళ్తే పెడతారు. మీ అమ్మని అడిగి రెండు కిలోల పచ్చడి మిరపకాయలు, ఎండువి, తొడిమలు తీయించి ప్యాక్ చేయించి తీసుకురండి. ఒక కిలో నాకు, ఒక కిలో వాళ్ళకి.

ప్రేమతో,
మీ నాయనమ్మ