పాత ఫ్రెంచ్ బ్రాందీ గురించి నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నైరుతి ఫ్రాన్స్‌లో గాస్కొనీ అనే ప్రాంతం ఉంది. అక్కడ ఒకే కుటుంబం తరతరాలుగా నడుపుతున్న ఆర్మాన్యాక్ సంస్థలో నేను సెల్లార్ పని చూస్తాను. పీపాలు నింపడం, మార్చడం, రుచి చూసి రాసుకోవడం, ఏది ఎప్పుడు సీసాకెక్కాలో యజమానులతో కూర్చుని తేల్చడం నా పని. ఆర్మాన్యాక్ అంటే ఇక్కడి ద్రాక్ష బ్రాందీ. ఫ్రాన్స్‌లోనే మరో ప్రాంతపు ద్రాక్ష బ్రాందీ అయిన కోన్యాక్ పేరు తెలిసినంతగా మనవాళ్ళకు దీని పేరు తెలియదు. అందుకే ప్రశ్నలు ఎక్కువ, అపోహలు అంతకన్నా ఎక్కువ.

అపోహ: సీసా ఎంతకాలం దాస్తే లోపలి బ్రాందీ అంత పాతదవుతుంది.

అందరికన్నా ఎక్కువమంది అడిగేది ఇదే. "మా మామయ్య ఎప్పుడో ఫారిన్ నుంచి తెచ్చిన సీసా బీరువాలో ఉంది, ఈపాటికి బాగా ముదిరి ఉంటుందా?" అని. ముదరదు. బ్రాందీకి వయసొచ్చేది ఓక్ చెక్క పీపాలోనే. చెక్కలోంచి రంగు, టానిన్లు అనే వగరు పదార్థాలు, వాసనలు దిగుతాయి. చెక్క సందుల్లోంచి కొద్దికొద్దిగా గాలి తగులుతుంది. మూత బిగించిన సీసాలో ఇవేవీ జరగవు. 1985 పంటను 2005లో సీసాలో నింపితే అది సుమారు 20 ఏళ్ళ బ్రాందీ. మీ మనవలు తెరిచినా అది 20 ఏళ్ళదే.

కాబట్టి లేబుల్ మీద పంట సంవత్సరం ఒక్కటే చూస్తే సరిపోదు, సీసాలో నింపిన సంవత్సరం కూడా చూడాలి. శ్రద్ధగల సంస్థలు రెండూ వేస్తాయి. కనిపించకపోతే అమ్మేవాళ్ళను అడగండి, మొహమాటం అక్కర్లేదు.

అపోహ: పోనీ పీపాలోనైనా ఎంత ఎక్కువ కాలం ఉంచితే అంత మంచిది.

ఇది సగం నిజం కాబట్టే ప్రమాదం. ద్రాక్ష వైన్‌ను కాచి, ఆవిరి పట్టి తీసిన వెంటనే స్పిరిట్ నీళ్ళంత తేటగా ఉంటుంది. అందులో ఆల్కహాల్ సాధారణంగా 52 నుంచి 60 శాతం. దాన్ని ముందు 400 లీటర్లు పట్టే కొత్త ఓక్ పీపాల్లో పోస్తాం. గాస్కొనీ ఓక్ చాలా బలమైనది, కొన్ని నెలల్లోనే రంగు ఎక్కిస్తుంది. అక్కడే వదిలేస్తే చెక్క చేదు తప్ప ద్రాక్ష రుచి మిగలదు. అందుకే కొన్ని నెలలకో, ఏడాది రెండేళ్ళకో పాత పీపాల్లోకి మారుస్తాం. పాత చెక్క ఇచ్చేది తక్కువ. అక్కడ ఎక్కువగా గాలి, కాలం పనిచేస్తాయి. ఎండు ప్రూన్, నారింజ తొక్క వాసనలు వస్తాయి. ఇంకా చాలా ఏళ్ళకు పాత అక్రోటుకాయను గుర్తుచేసే ఒక లోతైన వాసన పుడుతుంది. ఇక్కడ దాన్ని 'రాన్సియో' అంటారు. నాకు ఈ వృత్తి మీద ప్రేమ కలిగింది ఆ వాసన వల్లే.

ఈలోపు ప్రతి ఏటా రెండు మూడు శాతం ఆవిరైపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు. 400 లీటర్ల పీపాలో అది ఏడాదికి 8 నుంచి 12 లీటర్లు. 30 ఏళ్ళు గడిచేసరికి దాదాపు సగం పోతుంది. తేమ ఎక్కువున్న సెల్లార్‌లో ఆల్కహాల్ ఎక్కువ ఎగిరిపోయి బ్రాందీ మెత్తబడుతుంది. పొడి సెల్లార్‌లో నీళ్ళు ఎక్కువ పోయి ఘాటు నిలుస్తుంది. అందుకని ఒకే పంట పీపాలను రెండు చోట్లా తిప్పుతూ ఉంటాం.

నలభై, యాభై ఏళ్ళు దాటాక చాలా పీపాలు ఎండిపోయిన రుచికి వచ్చేస్తాయి. అంతకు ముందే గుర్తుపట్టి, 'దామ్-జాన్' అనే పెద్ద గాజు జాడీల్లోకి దించెయ్యాలి. అక్కడితో వయసు ఆగుతుంది. ఈ నిర్ణయం ఆలస్యమైతే మళ్ళీ సరిచేయలేం. నన్నడిగితే, డబ్బు పెట్టి కొనదలుచుకున్నవాళ్ళు 20 నుంచి 30 ఏళ్ళ మధ్యవి చూడండి. 60 ఏళ్ళ అంకె చూసి మురిసిపోవద్దు.

అపోహ: లేబుల్ మీద కనిపించే వీఎస్, వీఎస్ఓపీ, ఎక్స్ఓ అనేవి నాణ్యతకు మార్కులు.

కావు. అవి కనీస వయసు చెబుతాయి, అంతే. మిశ్రమంలో అన్నిటికన్నా చిన్నదాని వయసే లెక్క. ఆర్మాన్యాక్‌లో వీఎస్‌కు 1 ఏడాది, వీఎస్ఓపీకి 4, ఎక్స్ఓకు 10. కోన్యాక్‌లో 2, 4, 10. కోన్యాక్ ఎక్స్ఓకు 2018 దాకా 6 ఏళ్ళు చాలేవి. పంట సంవత్సరం వేసిన ఆర్మాన్యాక్ అయితే మొత్తం ఆ ఏటి పంటే అయి ఉండాలి, కనీసం 10 ఏళ్ళు నిండాలి.

అపోహ: రంగు ముదురుగా ఉంటే పాతదే.

కొత్త పీపా మూడు నాలుగేళ్ళకే ముదురు రంగు ఇవ్వగలదు. రంగు సర్దడానికి కారమెల్ కలపడం కూడా చట్టప్రకారం తప్పు కాదు. రంగు చూసి డబ్బులిచ్చేయకండి.

అపోహ: ఆర్మాన్యాక్ అంటే చవకరకం కోన్యాక్.

రెండూ వేరు ప్రాంతాలు, వేరు పద్ధతులు. కోన్యాక్‌ను రాగి కుండలో రెండుసార్లు కాస్తారు. ఆర్మాన్యాక్‌ను ఎక్కువగా పళ్ళేలు అమర్చిన రాగి గొట్టం లాంటి యంత్రంలో ఒక్కసారే, ఆగకుండా కాస్తారు. పైనుంచి వైన్ దిగుతుంటే కిందనుంచి ఆవిరి దానిలోంచి బుడగలుగా పైకెక్కుతుంది. తక్కువ ఆల్కహాల్ శాతం దగ్గరే దించేస్తాం కాబట్టి ద్రాక్ష తాలూకు బరువైన వాసనలు చాలా మిగులుతాయి. కుర్రవయసులో మోటుగా ఉండటానికి, పెద్దయ్యాక అంత రుచిగా మారటానికి కారణం అదే.

ద్రాక్ష రకాలూ తేడానే. కోన్యాక్ దాదాపు అంతా ఊన్యీ బ్లాన్ రకం. ఇక్కడ దానితో పాటు ఫోల్ బ్లాన్ష్, కొలొంబార్, బాకో ఉంటాయి. ఫిలాక్సెరా పురుగు తోటల్ని నాశనం చేశాక, 1898లో ఫ్రాన్సువా బాకో అనే లాండ్ ప్రాంతపు బడిపంతులు ఫోల్ బ్లాన్ష్‌ను ఒక అమెరికన్ రకంతో కలిపి బాకోను సృష్టించాడు. ఇక్కడి బా-ఆర్మాన్యాక్ అనే భాగంలోని ఇసుక నేలల్లో పండిన బాకో నుంచి తీసినవి దీర్ఘకాలం నిలుస్తాయి.

అపోహ: కుటుంబ సంస్థ అంటే తోట నుంచి సీసా దాకా అంతా వాళ్ళే చేయాలి, లేకపోతే మోసం.

గాస్కొనీలో కొద్ది హెక్టార్ల రైతులు చాలామంది. చక్రాల మీద నడిచే కాచే యంత్రాన్ని చలికాలంలో ఊరూరా తిప్పే వృత్తి ఇక్కడ ఇప్పటికీ ఉంది. మార్చి 31కల్లా ఆ ఏటి కాచడం ముగియాలి. కొన్ని కుటుంబాలు సొంత తోటతోనే నడుస్తాయి, కొన్ని చుట్టుపక్కల రైతుల దగ్గర బ్రాందీ కొని తమ పీపాల్లో ముదరబెడతాయి. దారోజ్ కుటుంబం ఒక్కో తోట ఆర్మాన్యాక్‌ను కలపకుండా విడివిడిగా, ఆ తోట పేరుతోనే సీసాల్లో నింపుతుంది. దాన్ని నేను ఎంతో గౌరవిస్తాను, ఎందుకంటే చిన్న రైతు పేరు నిలబడుతుంది.

కుటుంబాలకు అసలు కష్టం వేరే ఉంది. సొమ్మంతా పీపాల్లో దశాబ్దాలు ఇరుక్కుపోతుంది. ఫ్రెంచ్ చట్టం ప్రకారం పిల్లలందరికీ ఆస్తిలో వాటా దక్కాలి. ఒక్కరు నడుపుతామన్నా మిగతావాళ్ళ వాటా లెక్క తేల్చాలి. ఆ పంపకాల టెన్షన్‌లో పాత పీపాలు అమ్ముడైపోతే, వాటి బదులు కొత్తవి ముదరబెట్టడానికి మళ్ళీ ఒక తరం పడుతుంది.

అపోహ: బ్రాందీ మందు. జలుబుకు మంచిది, పిల్లలకు ఒక చుక్క పర్లేదు.

ఇది మన ఇళ్ళలో ఇంకా వింటున్నాను, చాలా బాధ కలుగుతుంది. 1310లోనే ఓజ్ ఊరి ఫ్రాన్సిస్కన్ సన్యాసి వితాల్ దు ఫూర్ ఈ ద్రవానికి 40 గుణాలు ఉన్నాయని రాశాడు. కాచే వృత్తి ఎంత పాతదో చెప్పడానికి ఆ రాత పనికొస్తుంది, వైద్యానికి కాదు. తాగితే వెచ్చగా అనిపించేది చర్మం దగ్గర రక్తనాళాలు వెడల్పవడం వల్ల. నిజానికి ఒంట్లో వేడి బయటికి పోతుంది. పిల్లలకు ఒక్క చుక్క కూడా ఇవ్వకూడదు. గర్భిణులూ, మందులు వాడేవాళ్ళూ దూరంగా ఉండాలి.

ఇంకోటి, తెలుగు రాష్ట్రాల్లో బ్రాందీ పేరుతో దొరికేవాటిలో చాలావరకు మొలాసిస్ నుంచో ధాన్యం నుంచో తీసిన స్పిరిట్‌కు కొంత ద్రాక్ష బ్రాందీ కలిపినవి. పేరు ఒకటే అయినా తయారీ వేరు, రెండిటినీ ఒకే తక్కెడలో వేయకండి.

అపోహ: పెద్ద బుడ్డి గ్లాసులో పోసి మంట మీద వెచ్చచేసి తాగాలి.

వేడిచేస్తే ముందు ఆల్కహాల్ ఘాటు ముక్కుకు కొట్టి, అసలు వాసన దాగిపోతుంది. పైన సన్నబడే చిన్న గ్లాసు, గది వేడి చాలు. పోశాక పది నిమిషాలు ఆగి వాసన చూడండి. సీసాను నిలువుగానే ఉంచాలి, పడుకోబెడితే ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది. సీసాలో సగం కన్నా తక్కువ మిగిలితే కొన్ని నెలల్లో ముగించండి, లేదా చిన్న సీసాలోకి నిండుగా మార్చుకోండి.