అమెరికా లక్కీ డ్రాల నిబంధనల్లో తప్పులు ఎక్కడి నుంచి వస్తున్నాయి

అమెరికాలో ఏ కంపెనీ లక్కీ డ్రా పెట్టినా దాని కింద ‘అఫీషియల్ రూల్స్’ పేరుతో నాలుగైదు పేజీల చిన్న అక్షరాలు ఉంటాయి. వాటిని ఓపిగ్గా చదివేవాళ్లకు తరచూ ఎదురయ్యేవి మూడు: ఒకచోటి తేదీకి ఇంకోచోటి తేదీకి పొంతన ఉండదు, బహుమతుల విలువ కూడితే కింద వేసిన మొత్తం రాదు, మధ్యలో ఎక్కడో పాత పోటీ పేరు మిగిలిపోయి ఉంటుంది. అచ్చుతప్పులే కదా అని వదిలేయడానికి లేదు. ఆ పేజీలు కంపెనీకీ పాల్గొనేవాళ్లకీ మధ్య ఒప్పందం.

ప్రైవేటు లాటరీ అక్కడ నేరం. బహుమతి, అదృష్టం, చెల్లింపు కలిస్తే లాటరీ అవుతుంది. చెల్లింపును తీసేస్తే మిగిలేది స్వీప్‌స్టేక్స్. ‘ఏమీ కొననక్కర్లేదు’ అన్న వాక్యం, పోస్టుకార్డు పంపి ఉచితంగా పాల్గొనే దారి అందుకే పెడతారు. 1960లలో పెట్రోలు బంకులు, కిరాణా గొలుసు దుకాణాలు ఇలాంటి ఆటలు విపరీతంగా నడిపాయి. గెలుపు చీటీలు ఎక్కడికి వెళ్లాలో ముందే తేల్చడం, చెప్పిన బహుమతులన్నీ ఇవ్వకపోవడం విచారణల్లో బయటపడ్డాయి. వ్యాపార మోసాలపై కన్నేసి ఉంచే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1969లో ఆ రెండు రంగాలకు నిబంధన తెచ్చింది. తర్వాత న్యూయార్క్, ఫ్లోరిడా సొంత చట్టాలు చేసుకున్నాయి. బహుమతుల మొత్తం 5,000 డాలర్లు దాటితే పోటీకి ముందే నమోదు చేయించాలి: న్యూయార్క్‌లో 30 రోజుల ముందు, ఫ్లోరిడాలో 7 రోజుల ముందు. బహుమతుల మొత్తానికి సరిపడా బాండు, అంటే ఆ డబ్బుకు పూచీ, కూడా చూపాలి. ఒకసారి దాఖలు చేసిన రూల్స్‌ను మార్చకూడదని ఫ్లోరిడా చట్టం చెబుతుంది. అంటే తప్పు కూడా అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు రూల్స్‌లో కనిపించే రక్షణ వాక్యాలకు మూలం 1989 నాటి జున్ను కంపెనీ క్రాఫ్ట్ ఉదంతం. జున్ను ప్యాకెట్‌లోని సగం చీటీ, పత్రికలో వచ్చిన మిగతా సగం కలిస్తే డాడ్జ్ కారవాన్ వ్యాను. ఇవ్వాలనుకున్నది ఒక్కటే. ముద్రణలో పొరపాటు జరిగి వేలమంది చేతుల్లో గెలుపు చీటీలు కలిశాయి. కంపెనీ పోటీని రద్దు చేసి వ్యాను గెలిచినవాళ్లకు 250 డాలర్ల చొప్పున ఇస్తామంది. కేసులు పడ్డాయి, పరిష్కారానికి సుమారు కోటి డాలర్లు ఖర్చయింది. అప్పటి నుంచి ‘ముద్రణ పొరపాటు వల్ల అనుకున్నదానికంటే ఎక్కువమంది గెలిస్తే వాళ్లందరి మధ్యా డ్రా తీస్తాం’ అన్న వాక్యం దాదాపు తప్పనిసరైంది. వ్యాపార న్యాయవాదులు దాన్ని క్రాఫ్ట్ క్లాజ్ అనే పిలుస్తారు.

మూడేళ్లకు ఫిలిప్పీన్స్‌లో పెప్సీ వ్యవహారం ఇంకా ఘోరంగా ముగిసింది. 1992 మే 25న టీవీలో 349ను గెలుపు సంఖ్యగా ప్రకటించారు, పెద్ద బహుమతి పది లక్షల పెసోలు. లోపల ఆ సంఖ్య ముద్రించి ఉన్న సీసా మూతలు అప్పటికే దాదాపు ఎనిమిది లక్షలు బయట ఉన్నాయి. వాటిపై ఉన్న సెక్యూరిటీ కోడ్ సరైనది కాదని కంపెనీ వాదించింది. మూతకు 500 పెసోలు ఇవ్వజూపితే 4,86,170 మంది తీసుకున్నారు. అల్లర్లలో ప్రాణాలు పోయాయి. కోడ్ కూడా సరిపోవాలన్న నియమం ముందే ఉందని చెప్పి అక్కడి సుప్రీంకోర్టు చివరికి కంపెనీ పక్షానే తీర్పులిచ్చింది. గెలుపుకు సంఖ్య ఒక్కటే చాలదన్న మాట మూత తిప్పిన ప్రతి మనిషికీ తెలిసేలా చెప్పి ఉంటే అంత దూరం పోయేది కాదు.

ఈ రెండింటి నుంచి కంపెనీలు నేర్చుకున్నది రక్షణ వాక్యాలు పెంచడం. రూల్స్‌ను మళ్లీ చదివి సరిచూడటం మాత్రం అంతగా పెరగలేదు. పోయినేటి ఫైలు తెరిచి తేదీలు, బహుమతులు మార్చేస్తారు. ఒకే తేదీ నాలుగు చోట్ల ఉంటే మూడు చోట్లే మారుతుంది. వంద డాలర్ల గిఫ్ట్ కార్డులు 40 నుంచి 50కి పెంచి, పదివేల డాలర్ల మొదటి బహుమతితో కలిపిన మొత్తాన్ని 14,000గానే వదిలేస్తారు. రావాల్సింది 15,000. బాండు కూడా ఆ తప్పు అంకెకే కట్టి ఉంటే చిక్కు ఇంకా పెరుగుతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది పోస్టుకార్డుల గడువు. ‘జులై 31 లోపు పోస్టు ముద్ర పడాలి, ఆగస్టు 7 లోపు మాకు అందాలి’ అని రాసి, డ్రా ఆగస్టు 5న అంటారు. 6న అందిన కార్డు నియమం ప్రకారం చెల్లుతుంది, కానీ డ్రాలో లేదు. ఉచిత దారిలో వచ్చినవాళ్లకు సమాన అవకాశం పోయినట్టే. అప్పుడు ఇది లాటరీయేనన్న వాదనకు బలం వస్తుంది. గడియారంతోనూ ఇదే తంటా. జులై పోటీకి ‘రాత్రి 11:59, ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్’ అని రాస్తారు. వేసవిలో న్యూయార్క్ గడియారం డేలైట్ టైమ్‌లో గంట ముందుంటుంది కాబట్టి, అక్షరాలా చదివితే గడువు అక్కడి 12:59 దాకా ఉంటుంది. ‘ఈస్టర్న్ టైమ్’ అంటే గొడవే లేదు. వయసు దగ్గర ‘18 ఏళ్లు’ అని ఊరుకుంటారు. అలబామా, నెబ్రాస్కాల్లో మేజర్ వయసు 19, మిసిసిపీలో 21.

‘లీగల్ రెసిడెంట్’ అన్న మాట హెచ్-1బీ మీద ఉన్న మన తెలుగువాళ్లకు నేరుగా తగులుతుంది. ఒక పేరాలో ‘చట్టబద్ధ నివాసులు’, ఇంకో పేరాలో ‘పౌరులు’ అని ఉంటే గెలిచాక అఫిడవిట్ దగ్గర ఆగిపోతారు. అస్పష్టమైన వాక్యాన్ని రాసినవాళ్లకు వ్యతిరేకంగా చదవాలన్నది కాంట్రాక్టు చట్టంలో పాత సూత్రమే, అయితే ‘స్పాన్సర్ (పోటీ పెట్టిన కంపెనీ) నిర్ణయమే అంతిమం’ అన్న వాక్యం కూడా అక్కడే ఉంటుంది. పాల్గొన్న రోజే రూల్స్ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోవాలి. పొంతన లేనిది కనిపిస్తే గడువుకు ముందే స్పాన్సర్‌కు ఈమెయిల్ రాసి జవాబు తీసుకోవాలి.

మన దేశంలో డ్రాలకు వేరే లెక్కలున్నాయి. 1979 నాటి తమిళనాడు ప్రైజ్ స్కీముల నిషేధ చట్టం వల్ల ‘తమిళనాడు వాసులకు వర్తించదు’ అన్న వాక్యం చేరుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తుది ఫలితాలు పాల్గొన్నవాళ్లకు చెప్పకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. 10,000 రూపాయలు దాటిన బహుమతికి 30 శాతం టీడీఎస్ ఉంది, కారులాంటి వస్తువైతే పన్ను కట్టాకే చేతికివ్వాలి. ఎనిమిది లక్షల కారుకు అది 2,40,000 రూపాయలు. ఆ డబ్బు కంపెనీ కడుతుందా, గెలిచినవాళ్లు కట్టుకోవాలా అన్నది రూల్స్‌లో స్పష్టంగా ఉందో లేదో పేరు నమోదు చేసుకోకముందే చూసుకోవాలి.