మందారం పసుపెక్కితే బోరు నీళ్లను అనుమానించండి

కుండీలో మందారం పసుపెక్కగానే చాలామంది ఎరువు కోసం వెతుకుతారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మాత్రం ముందు చూడాల్సింది మనం పోసే నీళ్లను.

పసుపు ఏ ఆకుల్లో మొదలైందో గమనించండి. కింద ముదురాకులు ఒకటీ అరా పండి రాలితే పట్టించుకోనక్కర్లేదు. కొసన ఉన్న లేతాకులు పాలిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది ఇనుము లోపం. ఇనుము ఒక ఆకులో చేరిందంటే దాదాపు అక్కడే ఉండిపోతుంది, మొక్క దాన్ని తీసి కొత్త చిగురుకు పంపలేదు. మెగ్నీషియం అలా కాదు. మొక్క దాన్ని ముదురాకు నుంచి లాగి లేతాకుకు ఇచ్చేస్తుంది కాబట్టి దాని లోపం కింది ఆకుల్లో కనిపిస్తుంది.

తమాషా ఏమిటంటే, మట్టిలో ఇనుముకు కొదవ లేదు. ఎర్రమట్టికి ఆ రంగు ఇచ్చిందే ఇనుము. వేరుకు అందే రూపంలో లేకపోవడమే ఇబ్బంది. మందారానికి కాస్త ఆమ్లగుణం ఉన్న మట్టి కావాలి, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం) 6 నుంచి 6.8 దాకా ఉంటే హాయి. మన బోరు నీళ్లలో చాలాచోట్ల బైకార్బొనేట్లు, అంటే క్షారగుణం పెంచే లవణాలు ఎక్కువ. వేసవిలో రోజూ పోసే నీళ్లు ఆవిరైపోతాయి, లవణాలు కుండీలోనే మిగులుతాయి. అలా పీహెచ్ 7.5 దాటేసరికి ఇనుము నీళ్లలో కరగని తుప్పుగా మారిపోతుంది. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందా? అదే సాక్ష్యం. ఆర్వో మెషీన్ వదిలేసే నీళ్లు ఇంకా అన్యాయం, వాటిలో లవణాలు మరింత చిక్కబడి ఉంటాయి. ఇది చాలదన్నట్టు వీడియోలు చూసి కోడిగుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద వేస్తారు. రెండూ సున్నం గుణమున్నవే, పీహెచ్‌ని ఇంకా పైకి తోస్తాయి.

విరుగుడు వాన. నెల్లూరు జిల్లాకు నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాలే ఎక్కువ వాన ఇస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మేడ మీద నీళ్లను మూత ఉన్న డ్రమ్ముల్లో పట్టుకుంటే కొన్ని వారాలు కుండీలకు సరిపోతాయి. వాన నీళ్లు కుండీ అడుగు నుంచి బాగా కారేలా పోస్తే పేరుకున్న లవణాలూ కొట్టుకుపోతాయి. అడుగున చిల్లు మూసుకుపోయి నీళ్లు నిలిస్తే మాత్రం వేర్లు కుళ్లుతాయి.

అంతవరకూ ఆగలేమంటే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుము లవణం) ఉంది. లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట లేతాకుల మీద చల్లాలి. వారం పది రోజులకు మళ్లీ ఒకసారి. నిమ్మతోటల రైతులకు ఇది తెలిసిన పద్ధతే. మట్టిలో పోస్తే లాభం తక్కువ, క్షారగుణం ఉన్న మట్టిలో అదీ తుప్పే అవుతుంది.

మొగ్గలు రాలడం వేరే గొడవ. రోహిణి కార్తె ఎండకు, వడగాలికి ఆకుల నుంచి పోయే నీటిని వేర్లు భర్తీ చేయలేకపోతే మొక్క ముందు మొగ్గల్ని వదిలించుకుంటుంది. మధ్యాహ్నం నీడ పట్టున పెట్టి, రోజూ ఒకే వేళకు నీళ్లు పోయడం దీనికి సగం మందు. నర్సరీలో చూసి మురిసిపోయే పెద్ద పూల హైబ్రిడ్లు ఈ ఎండకు తొందరగా డీలా పడతాయి. మన ఎర్ర రెక్క మందారానికి ఉన్న మొండితనం వాటికి లేదు.

కాండం మీద చీమలు బారులు తీరితే కొసల్లో పిండినల్లి (తెల్లటి పిండిలా అంటుకుని రసం పీల్చే పురుగు) కోసం వెతకండి. అది విసర్జించే తీపి ద్రవం కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. గట్టిగా నీళ్లు కొట్టి, తర్వాత కొంచెం సబ్బు కలిపిన వేపనూనె చల్లాలి. పిండి పట్టి ముడుచుకుపోయిన కొసలను కత్తిరించి పారేయడానికి మొహమాటపడొద్దు, మందారం ఎలాగూ కొత్త చిగుళ్ల మీదే పూస్తుంది.